కంచుకోటల్లో గెలిచిన ప్రైమరీలు: అమ్మాయికి పెదనాన్న ఉత్తరం

చి.సౌ. అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. మొన్న ఫోన్లో నువ్వడిగిన దానికి జవాబు రెండు ముక్కల్లో తేలేది కాదు. రాసి పంపిస్తే మీ ఆయన కూడా చదువుతాడని ఈ ఉత్తరం. "నవంబరు అధ్యక్ష ఎన్నికలో మన పార్టీకి ఎలాగూ రాని రాష్ట్రాల్లో ప్రైమరీ గెలిచి ఏం లాభం పెదనాన్నా? అవి తీసేసి లెక్కేస్తే ఆ అభ్యర్థి ఎక్కడున్నాడు?" అన్నావు. ఎడిసన్‌లో మీ స్నేహితులందరి వాదనా అదేనన్నావు. అమెరికా సిటిజన్‌షిప్ వచ్చాక నీకిది మొదటి ప్రైమరీ. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

ప్రైమరీలో తేలేది టికెట్ ఎవరికన్నది. రాష్ట్రం ఎవరిదన్నది కాదు. మన దగ్గర బీ-ఫారం పార్టీ అధ్యక్షుడు ఇస్తాడు, ఇక్కడ ఓటర్లు ఇస్తారు. ఆ ఇచ్చేవాళ్లలో రిపబ్లికన్ల కంచుకోట ఐడహోలో ఉండే డెమోక్రాటూ ఉన్నాడు, డెమోక్రాట్ల కంచుకోట కాలిఫోర్నియాలో ఉండే రిపబ్లికనూ ఉన్నాడు. నవంబరులో వాళ్లు ఓటేసినా అధ్యక్షుణ్ణి తేల్చే తమ రాష్ట్రపు ఎలక్టోరల్ ఓట్లు అటుదిటు కావు. టికెట్ దగ్గర మాత్రం వాళ్ల మాట చెల్లుతుంది.

ఎంతగా చెల్లుతుందో 2008 ఫిబ్రవరి 5 చూస్తే తెలుస్తుంది. ఆ రోజు మీ న్యూజెర్సీ డెమోక్రాటిక్ ప్రైమరీలో హిల్లరీ క్లింటన్ గెలిచారు. డెలిగేట్లు, అంటే టికెట్ ఎవరికో పార్టీ సదస్సులో ఓటేసి తేల్చే ప్రతినిధులు, ఆమెకు 59, ఒబామాకు 48. తేడా 11. అదే రోజు ఐడహో కాకస్‌లో, అంటే పార్టీవాళ్లు ఒకచోట చేరి మద్దతు తేల్చే సమావేశాల్లో, ఒబామాకు 15, ఆమెకు 3. తేడా 12. అంత పెద్ద న్యూజెర్సీలో వచ్చిన ఆధిక్యం చిన్న ఐడహోలో తుడిచిపెట్టుకుపోయింది. డెమోక్రాట్లు డెలిగేట్లను ఓట్ల నిష్పత్తిలో పంచుతారు, 15 శాతం దాటిన ప్రతివాళ్లకూ వాటా వస్తుంది. అందుకే పెద్ద రాష్ట్రంలో కొద్ది తేడాతో గెలిచినదాని కన్నా చిన్న రాష్ట్రంలో ఊడ్చేసినది ఎక్కువ లాభం తెచ్చింది. నవంబరులో ఐడహో రిపబ్లికన్ అభ్యర్థి మెకెయిన్‌కే పోయింది, అది అందరికీ ముందే తెలుసు. కానీ నామినేషన్ ఐడహో లాంటి చోట్ల కూడబెట్టిన డెలిగేట్లతోనే ఒబామాకు దక్కింది.

రిపబ్లికన్ల వైపు ఇది ఇంకా స్పష్టం. ఆ ఏడాది కాలిఫోర్నియాలో వాళ్లు ఒక్కో కాంగ్రెస్ జిల్లాకు 3 డెలిగేట్లు పెట్టారు. రిపబ్లికన్లు కిక్కిరిసిన జిల్లాకీ 3, శాన్‌ఫ్రాన్సిస్కోలో వెతికితే గాని రిపబ్లికన్ దొరకని జిల్లాకీ 3. మెకెయిన్ ఆ రోజు కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ, ఇల్లినాయ్ గెలిచాడు, రెండు రోజులకే రామ్నీ తప్పుకున్నాడు. నవంబరులో ఆ నాలుగిట్లో ఒక్కటీ మెకెయిన్‌కు రాలేదు. అయినా అవి లేకపోతే ఆయనకు టికెట్టే లేదు.

"టికెట్ సంగతి సరే, నవంబరులో గెలిచే సత్తా ఆ గెలుపుల్లో ఎక్కడ కనపడుతుంది?" అంటావు. అది న్యాయమైన ప్రశ్న. 2008లో క్లింటన్ వర్గం ఈ మాటే అంది: పెద్ద రాష్ట్రాలు, ఒహాయో, పెన్సిల్వేనియా మేం గెలిచాం, నవంబరులో అవి మాకే వస్తాయి అని. నవంబరులో ఆ రెండూ ఒబామా గెలిచాడు. ప్రైమరీలో ఆమెకు వెళ్లిన ఇండియానా కూడా గెలిచాడు. 1964 తర్వాత ఆ రాష్ట్రం డెమోక్రాట్‌కు రావడం అదే మొదలు. 2016లో ట్రంప్ విస్కాన్సిన్ ప్రైమరీ క్రూజ్‌కు, ఒహాయో ప్రైమరీ కేసిక్‌కు పోగొట్టుకుని, నవంబరులో రెండూ గెలిచాడు. అదే ఏడాది క్లింటన్ పెన్సిల్వేనియా ప్రైమరీ గెలిచి నవంబరులో ఓడిపోయారు. కాబట్టి ఎటైనా మొగ్గే స్వింగ్ రాష్ట్రంలో ప్రైమరీ గెలుపు కూడా నవంబరుకి జాతకం చెప్పదు. మరి కంచుకోట గెలుపులు మాత్రమే పక్కన పెడతామనడంలో న్యాయం ఎక్కడుంది?

నా ఉద్దేశంలో చూడాల్సింది రాష్ట్రం పేరు కాదు, ఆ గెలుపు తెచ్చిన ఓటర్లు. సౌత్ కరోలినా 1976లో కార్టర్ తర్వాత డెమోక్రాట్లకు దక్కలేదు. 2020లో బైడెన్ అయోవాలో నాలుగో స్థానం, న్యూహాంప్‌షైర్‌లో అయిదో స్థానం. ఫిబ్రవరి 29న సౌత్ కరోలినాలో ఓట్లలో దాదాపు సగం ఆయనవే. అక్కడి డెమోక్రాటిక్ ప్రైమరీలో నల్లజాతి ఓటర్లదే పెద్ద వాటా. రెండు రోజుల్లో బూటజెజ్, క్లోబుచార్ తప్పుకుని ఆయనకు మద్దతిచ్చారు, మర్నాడే, ఒకేసారి చాలా రాష్ట్రాల్లో ప్రైమరీలు జరిగే సూపర్ ట్యూస్‌డేలో, బైడెన్ పది రాష్ట్రాలు గెలిచాడు. నవంబరులో సౌత్ కరోలినా ట్రంప్‌కే పోయింది. పక్కనున్న జార్జియా మాత్రం 11,779 ఓట్ల మెజారిటీతో బైడెన్‌కు వచ్చింది. సౌత్ కరోలినా ఊళ్లు కొలంబియాలో, చార్లెస్టన్‌లో ఆయన్ని నమ్మినవాళ్లలాంటి ఓటర్లే అట్లాంటాలో, ఫిలడెల్ఫియాలో, మిల్వాకీలో ఉన్నారు. రాష్ట్రం చేజారినా, ఆ ఓటరు పక్క రాష్ట్రంలోనూ ఉంటాడు.

ఇదీ గీటురాయి అనుకోకు సుమా. 2016లో క్లింటన్ కూడా సౌత్ కరోలినా భారీగా గెలిచారు. ఆ గెలుపు నిజమే, కానీ మార్చిలో మిషిగన్‌లో శాండర్స్ చేతిలో ఓటమి కూడా నిజమే. సర్వేలన్నీ ఆమెదే గెలుపన్న చోట జరిగిన ఓటమి అది. ఏ ఊళ్లలో, ఎలాంటి వాళ్లు ఆమెకు దూరమయ్యారో అప్పుడే తరచి చూడాల్సింది. నవంబరులో మిషిగన్ 10,704 ఓట్ల తేడాతో పోయింది.

గెలుపు ఏ పద్ధతిలో వచ్చిందో కూడా చూడు. 2008 మార్చి 4న ఇక్కడ టెక్సస్‌లో పగలు ప్రైమరీ, రాత్రి కాకస్. ఏడింటికి పోలింగ్ ముగిశాక జనం మళ్లీ అదే బడికి వచ్చారు. క్యాంటీన్‌లో బల్ల మీద కాగితాలు: పేరు, అడ్రసు, ఎవరికి మద్దతో రాసి సంతకం పెట్టాలి. వరస కారు పార్కింగ్ దాకా సాగింది. రాత్రి షిఫ్టు ఉన్నవాళ్లు, చంటిపిల్లలున్న తల్లులు గడియారం చూసుకుని వెళ్లిపోవడం నా కళ్లతో చూశాను. పగటి ఓట్లలో క్లింటన్ గెలిచారు, కాకస్‌తో కలిపితే డెలిగేట్లు ఒబామాకు 99, ఆమెకు 94. కాకస్ గెలుపు కార్యకర్తల పట్టుదలను చూపిస్తుంది, మామూలు ఓటరు మనసును అంతగా చూపించదు. ఎవరైనా "ఫలానా రాష్ట్రంలో 40 పాయింట్ల తేడా" అంటే, అది కాకసా ప్రైమరీయా, ఎంతమంది వచ్చారు అని అడుగు.

అసలు ఏది కంచుకోట? 2008కి ముందు వర్జీనియా నలభై నాలుగేళ్లుగా రిపబ్లికన్లది. ఆ ఏడాది ఒబామాకు వచ్చింది, ఆ తర్వాత ప్రతిసారీ డెమోక్రాట్లకే. ఫ్లోరిడా ఆయన రెండుసార్లు గెలిచిన చోటు, 2024లో ట్రంప్‌కు 13 పాయింట్ల తేడా ఇచ్చింది. మీ న్యూజెర్సీలోనే 2020లో బైడెన్ తేడా 16 పాయింట్లు, 2024లో హ్యారిస్‌ది 6 దగ్గర ఆగింది. ఎవరూ తలుపు తట్టని రాష్ట్రం ఎవరూ చూడకుండానే మారిపోతుంది. ప్రైమరీ ఉంది కాబట్టి అక్కడికీ అభ్యర్థులు వెళ్తారు, వాలంటీర్ల జాబితాలు తయారవుతాయి. ఆ జాబితాలే తర్వాత పనికొస్తాయి.

ఇక నువ్వు చేయాల్సినది. మీకు ప్రైమరీ మామూలుగా జూన్‌లో వస్తుంది, అప్పటికి అధ్యక్ష అభ్యర్థి తేలిపోయి ఉండొచ్చు. ఆ కారణంగా ఇంట్లో కూర్చోకు. అదే బ్యాలెట్ మీద కాంగ్రెస్ అభ్యర్థి, కౌంటీ కమిషనర్లు ఉంటారు. ఒకే పార్టీ గెలిచే జిల్లాలో ప్రైమరీయే అసలు ఎన్నిక, వచ్చే ఓటర్లు కూడా తక్కువ. ఇదివరకు కౌంటీ పార్టీ బలపరిచినవాళ్ల పేర్లన్నీ ఒకే వరసలో పెట్టి, మిగతావాళ్లను బ్యాలెట్ మూలకి నెట్టేసేవారు. కౌంటీ లైన్ అనేవాళ్లు దాన్ని. 2024లో డెమోక్రాటిక్ ప్రైమరీ బ్యాలెట్లలో ఆ పద్ధతికి ఫెడరల్ కోర్టు అడ్డుకట్ట వేసింది, 2025లో చట్టమే మారింది. ఇప్పుడు పేర్లన్నీ పక్కపక్కనే ఉంటాయి, ఒక్కొక్కరి గురించీ ముందే చదువుకుని వెళ్లు.

నువ్వు డెమోక్రాట్‌గా నమోదయ్యావు, కాబట్టి ఎప్పుడైనా పార్టీ మార్చుకోవాలనుకుంటే ప్రైమరీకి 55 రోజుల ముందే ఫారం ఇవ్వాలి. మీ ఆయన ఏ పార్టీలోనూ లేడన్నావు కదా, అతను ఆ రోజు పోలింగ్ బూత్‌లోనే ఏ పార్టీయో చెప్పి ఓటెయ్యొచ్చు. ఆ క్షణం నుంచి ఆ పార్టీ ఓటరుగా నమోదవుతాడు, అది తెలిసే వెళ్లమను. కేరీలో ఉన్న మీ చిన్నత్త కొడుకుతో కూడా మాట్లాడు. నార్త్ కరోలినాలో ఏ పార్టీకీ చెందనివాళ్లు రెండింట్లో ఏదో ఒక ప్రైమరీలో ఓటెయ్యొచ్చు, ఆ సంగతి వాడికి తెలుసో లేదో. వాళ్లకి మార్చి మొదట్లోనే, కాబట్టి ముందు వాడికే ఫోన్ చెయ్యి.

ఇట్లు,
మీ పెదనాన్న