సంతకం పెట్టకపోతే ప్రేమ లేనట్టేనా?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. నాన్నగారు నిరుడు ప్రభువునందు నిద్రించారు. వీలునామా రాయలేదు. ఆయన స్వార్జితం ఒక డాబా ఇల్లు, ఎకరం పొలం. పిల్లలం అన్నయ్యా నేనూ ఇద్దరమే. జ్ఞాపకార్థ కూడిక ముగిసి బంధువులు భోజనాలకు లేస్తుండగా, సంఘ పెద్ద అయిన అన్నయ్య, నాన్న ఆస్తిలో నా వాటా వదులుకుంటున్నట్టు రాసిన హక్కు విడుదల పత్రం నా ముందు పెట్టి, ‘కట్నమిచ్చి పంపాం, ఇంకేం కావాలి’ అన్నాడు. నేను కోపం పట్టలేక, పాస్టరుగారి ఎదుటే, ‘ప్రభు బల్ల దగ్గర గిన్నె అందించే అర్హత నీకు లేదు’ అనేశాను. అప్పటి నుంచి మా మధ్య మాటల్లేవు. నేను ఆ బల్లలో, అంటే రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే సంస్కారంలో, పాలు పొందడం మానేశాను. ‘నీలో క్రీస్తు ప్రేమ ఉంటే సంతకం పెట్టెయ్యమ్మా’ అని అమ్మ ఫోనులో ఏడుస్తోంది. సంతకం పెట్టకపోవడం పాపమా?

జవాబు: సోదరీ, మీరు అన్న మాట ఒకటి, మీరు పెట్టని సంతకం ఒకటి. ఈ రెండూ వేర్వేరు సంగతులు. మీ ఇంట్లో మాత్రం మొదటిదానికి పరిహారం రెండోదే అన్నట్టుగా వ్యవహారం నడుస్తోంది, మీ ఉత్తరం చూస్తే మీరు కూడా సగం నమ్మినట్టే ఉన్నారు. ఈ ముడి విప్పనిదే ఎన్ని కుటుంబ ప్రార్థనలు పెట్టుకున్నా ఫలితం ఉండదు.

మొదట సంతకం సంగతి చూద్దాం. పాపం కాదు. సంఖ్యాకాండము 27వ అధ్యాయంలో, కొడుకులు లేకుండా చనిపోయిన సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు మోషే ఎదుట, సర్వ సమాజం ఎదుట నిలబడి తండ్రి స్వాస్థ్యంలో తమకు భాగం కావాలని అడిగారు. వాళ్లది దురాశ అని దేవుడు అనలేదు. ‘సెలోపెహాదు కుమార్తెలు చెప్పినది యుక్తము’ అన్నాడు. చట్టం కూడా మీ వైపే ఉంది. 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేకుండా మరణించిన క్రైస్తవుని ఆస్తిలో మూడో వంతు భార్యకు, మిగిలిన రెండు వంతులు కొడుకు, కూతురు అన్న తేడా లేకుండా పిల్లలకు సమానంగా చెందుతాయి. కాగితాల్లో హిందువులుగా నమోదైన క్రైస్తవ కుటుంబాలు మన దగ్గర చాలానే ఉన్నాయి. మీదీ అలాంటిదే అయినా, మీ నాయనమ్మగారు జీవించి లేకపోతే, హిందూ వారసత్వ చట్టం కింద స్వార్జితంలో లెక్క అదే వస్తుంది: అమ్మకు, అన్నకు, మీకు తలా మూడో వంతు. కట్నం ఈ లెక్కలోకి రాదు. ఇవ్వడమూ పుచ్చుకోవడమూ 1961 నుంచి నేరమైన దాన్ని ఒక సంఘ పెద్ద నలుగురిలో లెక్క చెప్పి చూపించడం నాకు వింతగా తోచింది.

హక్కు ఉంది కదా అని చివరిదాకా పట్టుబట్టమని నేను చెప్పడం లేదు. వదులుకోవాలని మీ మనసుకు తోస్తే వదులుకోవచ్చు. అబ్రాహాము తన సహోదరుని కొడుకైన లోతుకు నేల ఎంచుకునే అవకాశం ముందుగా ఇచ్చాడు. అయితే ఆయన మీద ఎవరూ ఒత్తిడి తేలేదు, బంధువుల ముందు పత్రం పెట్టి ఎవరూ నిలదీయలేదు. మీరు వదులుకుంటే అది మీరు మనసారా ఇచ్చినదై ఉండాలి. అమ్మ ఏడుపు ఆపడానికో, ‘ప్రేమ లేనిది’ అన్న మాట పడలేకో పెట్టిన సంతకం పదేళ్ల తర్వాత కూడా లోపల రగులుతూనే ఉంటుంది. మన సంఘాలలో ‘క్షమించెయ్యమ్మా’ అన్న సలహా దాదాపు ఎప్పుడూ ఆడపిల్ల వైపుకే వెళుతుందని కూడా ఇక్కడే చెప్పాలి.

ఇక మీరు అన్న మాట. అది మీ తప్పు, ఆయన చేసిన దానితో పోల్చి దాన్ని తగ్గించుకోవద్దు. సహోదరుడు తప్పిదం చేస్తే అతను ఒంటరిగా ఉన్నప్పుడు వెళ్లి చెప్పమని మత్తయి 18లో ప్రభువు చెప్పింది ఇలాంటి సందర్భాలకే. బంధువుల ముందు పత్రం పెట్టి ఆయన ఆ మాట దాటారు, పాస్టరుగారి ముందు జవాబిచ్చి మీరూ దాటారు. పైగా మీరు ఆస్తి తగాదాలో ఆయన పరిచర్యను లాగి కొట్టారు, దెబ్బ తగిలింది అక్కడే. కాబట్టి ఫోనులో కాకుండా, అమ్మగారి ద్వారా కాకుండా, మీరే వెళ్లి, ఆయన ఒక్కరే ఉన్న వేళ చూసి ఇంత మాత్రం చెప్పండి: ‘అన్నయ్యా, ఆ రోజు నలుగురిలో నిన్ను ఆ మాట అనడం నా తప్పు. నన్ను క్షమించు. పొలం గురించి మాట్లాడటానికి ఇవాళ రాలేదు.’ ఆ తర్వాత ‘కానీ నువ్వు కూడా’ అని మొదలుపెట్టే వాక్యం ఎంత న్యాయమైనదైనా ఆ పూటకు మింగేయండి. ఆయన వెంటనే ‘అయితే సంతకం పెడతావా’ అని అడగవచ్చు. ‘దాని గురించి తప్పకుండా కూర్చుని మాట్లాడుకుందాం, ఇవాళ మాత్రం క్షమాపణ అడగడానికే వచ్చాను’ అని లేచి రండి. పాస్టరుగారు ఆ మాట విన్నారు కనుక, క్షమాపణ అడిగిన సంగతి ఆయనకూ చెప్పడం మర్యాద.

ముందు సహోదరునితో సమాధానపడి, తర్వాత వచ్చి అర్పణ అర్పించమన్న మత్తయి 5లోని వచనం మీ చేతిలో ఉన్నంతవరకే మిమ్మల్ని బాధ్యురాలిని చేస్తుంది. ‘శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు సమస్త మనుష్యులతో సమాధానముగా ఉండుడి’ అని రోమా పత్రికలో ఉంది కదా. మీరు వెళ్లి అడిగిన తర్వాత ఆయన ముఖం తిప్పుకున్నా సరే, వచ్చే సంస్కారపు ఆదివారం మీరు బల్లకు దూరంగా ఉండనక్కర లేదు.

కొన్ని వారాలు ఆగి ఆస్తి మాట మీరే ఎత్తండి. నాన్నగారి వైద్యానికి, ఇంటి మరమ్మతులకు అన్నయ్య పెట్టిన ఖర్చు ఎంతో ఆయన్నే రాసి ఇవ్వమనండి, మీరు పంపిన డబ్బూ రాయండి; ఆయన మోసిన భారం నిజమైతే దానికి తగినంత మీ వాటాలో తగ్గించుకోవడానికి వెనకాడవద్దు. ‘క్రైస్తవులు కోర్టుకెక్కకూడదు’ అని ఎవరైనా 1 కొరింథీ 6 చూపిస్తే, సహోదరుల మధ్య తీర్పు చెప్పగల బుద్ధిమంతుడు మీలో ఒక్కడైనా లేడా అని పౌలు అడిగిన మాట, సహోదరులకే అన్యాయం చేస్తున్నారని ఆయన గద్దించిన మాట కూడా అదే అధ్యాయంలో ఉన్నాయని గుర్తు చేయండి. మీ ఇద్దరికీ నమ్మకమున్న, అన్నయ్య కింద పనిచేయని పెద్దమనిషిని కూర్చోబెట్టుకోండి. అదీ కుదరకపోతే న్యాయ సేవాధికార సంస్థ ఉంది. ఆదాయంతో పని లేకుండా స్త్రీలకు ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది, 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు, దావా వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీ చేసుకోవచ్చు. ఆ రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది. అప్పటివరకు ఖాళీ స్టాంపు కాగితం మీద గానీ, చదవని పత్రం మీద గానీ సంతకం పెట్టవద్దు.

ఒక్క సంగతి మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఆ పత్రంలో అమ్మగారి మూడో వంతు గురించి ఏమి రాశారో చూశారా? ఆమె కూడా హక్కు వదులుకుంటున్నట్టు రాసి ఉంటే, తానుంటున్న ఇంట్లో ఆమె పేరున రేపు ఏమీ మిగలదు. మీ మీద కన్నీళ్లతో ఒత్తిడి తెస్తున్న ఆమెకు ఈ విషయం తెలుసో లేదో, అన్నావదినలు లేని వేళ పక్కన కూర్చుని, సంతకం మాట ఎత్తకుండా, ‘అమ్మా, నువ్వు ఎక్కడ ఉండాలనుకుంటున్నావు?’ అని అడిగి తెలుసుకోండి.