ముద్ర కాదు, బ్యాట్ చివరి మూత చూడాలి

"చేతిలో ఏ మిషనూ లేకుండా, లోపల మార్పులు చేసిన సాఫ్ట్‌బాల్ బ్యాట్‌ను అంపైర్ పట్టుకోగలడా?" అని అడిగారు. ఈ బ్యాట్లు లోపల బోలుగా ఉంటాయి. ఆ లోపలి గోడను గీసి పలచన చేసిన బ్యాట్‌నైతే చాలాసార్లు పట్టుకోవచ్చు. గోడ మెత్తబడేలా రోలర్ల మధ్య నలిపిన బ్యాట్‌ను కంటితో పట్టుకోలేం. పట్టుకుంటానని ఎవరైనా గట్టిగా చెప్తే నమ్మకండి.

అసలు తప్పు మొదటి చూపులోనే జరుగుతుంది. బ్యాట్ చేతికి రాగానే అందరూ దాని మీద అనుమతి ముద్ర వెతుకుతారు. అమెరికా సాఫ్ట్‌బాల్ సంస్థ యూఎస్ఏ సాఫ్ట్‌బాల్ ఆటల్లో, దాని పాత పేరు ఏఎస్ఏతో ఉన్న 2004 ముద్రో, 2013 ముద్రో కనబడితే తృప్తిపడి పక్కన పెట్టేస్తారు. ఆ ముద్ర ఫ్యాక్టరీ గేటు దాటేటప్పుడు బ్యాట్ ఎలా ఉందో మాత్రమే చెప్తుంది. 2004 ప్రమాణం ప్రకారం బంతి బ్యాట్ నుంచి గంటకు 98 మైళ్ల వేగం దాటి వెళ్లకూడదు. ఆ వేగంతో వచ్చినా 50 అడుగుల దూరంలో ఉన్న పిచ్చర్‌కు, అంటే బంతి వేసే ఆటగాడికి, దొరికే సమయం సెకనులో మూడో వంతుకు కాస్త ఎక్కువ. గోడ పలచన చేస్తే ఆ కాస్తా కూడా మిగలదు. పలచటి గోడ దెబ్బకు లోపలికి వంగి, తిరిగి ఎగదన్నుతుంది. బంతి నలిగిపోవడంలో వృథా అయ్యే శక్తి తగ్గి, అదంతా వేగంగా మారుతుంది.

గోడ గీయాలంటే లోపలికి వెళ్లాలి. వెళ్లే దారి చివరనున్న మూత, అంటే ఎండ్ క్యాప్. దాన్ని వేడిచేసి, జిగురు వదిలించి, ఊడదీసి, పని అయ్యాక మళ్లీ అతికిస్తారు. అందుకే ఒక్కో బ్యాట్‌కు అర నిమిషమే ఉంటే ఆ అర నిమిషమంతా మూత మీదే పెట్టండి. వెలుతురు ఏటవాలుగా పడేలా పట్టుకుని, మూత అంచు వెంబడి గోరు ఒక పూర్తి చుట్టు తిప్పండి. ఫ్యాక్టరీ అతుకు చుట్టూ ఒకేలా ఉంటుంది. తిరిగి అతికించినదైతే గోరు ఒకచోట ఆగుతుంది. అక్కడ సన్నటి ఖాళీ ఉంటుంది, లేదా ఉబికి ఆరిన జిగురు ఉంటుంది. స్క్రూడ్రైవర్ లాంటిది దూర్చిన చోట లోహపు అంచు మీద చిన్న నొక్కు పడుతుంది. కాంపోజిట్ (నారపొరలు జిగురుతో అతికించి చేసిన) బ్యాట్ అయితే అంచు పొర చితికి, పెళుసుగా తెల్లబడి కనిపిస్తుంది. మూత మీది అక్షరాలు బ్యారెల్ (బంతి తగిలే లావు భాగం) మీది బొమ్మతో వరసలో ఉన్నాయో లేదో చూడండి. అదే మోడల్ బ్యాట్ ఇంకొకటి డగౌట్‌లో, అంటే ఆటగాళ్లు కూర్చునే చోట, ఉంటే రెండూ పక్కపక్కన పెట్టండి, సగం పని అక్కడే అయిపోతుంది. బ్యారెల్ అంతా గీతలు పడి మూత మాత్రం కొత్తగా మెరుస్తుంటే, ఎందుకు మార్చారని అడగాల్సిందే.

తర్వాత బరువు. గీస్తే బ్యాట్ తేలికవుతుంది. ఆ లోటు పూడ్చడానికో, చివర బరువుంటే దెబ్బ గట్టిగా తగులుతుందనో మూత వెనక ఏదైనా నింపుతారు. ముద్రించిన బరువుకూ త్రాసు మీది బరువుకూ తేడా చూడండి, కానీ దాన్నే సాక్ష్యం అనుకోకండి. కొత్త గ్రిప్ ఒక్కటే ఔన్సు దాకా తేడా తేగలదు. వేలి మీద నిలబెట్టినప్పుడు అదే మోడల్ కంటే సమతూక బిందువు చివరికి జరిగితే అనుమానం బలపడుతుంది. ఊపితే గలగలమంటే ఊడిన జిగురు ముక్క కావచ్చు, నింపిన సరుకూ కావచ్చు. ఏదైనా సరే, ఆ రోజుకు ఆ బ్యాట్ పక్కన పెట్టడమే మేలు.

బ్యాట్ లావు కొలిచే ఉంగరం గురించి చాలా భ్రమ ఉంది. 2.25 అంగుళాల ఉంగరం బ్యారెల్ మీదుగా జారితే బ్యాట్ సక్రమమే అనుకుంటారు. గీసేది లోపలి వైపు, ఉంగరం కొలిచేది బయటి వైపు! ఉబ్బిన బ్యాట్‌ను పట్టడానికి తప్ప అది ఇక్కడ పనికిరాదు. శబ్దమూ అంతే. గోడ పలచనైతే బ్యారెల్ కంపన వేగం తగ్గి మోత బొంగురుపోతుంది, అది నిజమే. కానీ బాగా వాడిన బ్యాట్ మోతా అలాగే ఉంటుంది. హోమ్ రన్ పడ్డ ప్రతిసారీ ఎదుటి జట్టు "ఆ మోత విన్నారా" అని మీదికొస్తుంది. ఆ మాట విని బ్యాట్ లాక్కోవడం మొదలుపెడితే ఆట సాగదు.

రంగు మార్చిన బ్యాట్లు ఇంకో రకం. నిషేధిత మోడల్‌కు అనుమతి ఉన్న మోడల్ వేషం వేస్తారు. అక్షరాల అంచులు మసకగా ఉన్నాయా, పూత నారింజ తొక్కలా గరుకుగా ఉందా, గ్రిప్ పై అంచు దగ్గర రంగు తుంపర్లు పడ్డాయా అన్నది చూడండి.

ఇక రోలింగ్, అంటే రోలర్ల మధ్య నలపడం. నలిపినప్పుడు కాంపోజిట్ పొరల మధ్య బంధం సడలుతుంది, బయట ఏ గుర్తూ మిగలకపోవచ్చు. పై పూత మీద సాలెగూడు లాంటి సన్నటి పగుళ్లు మామూలు వాడకంలోనూ వస్తాయి, వాటిని చూసి ఎవరి మీదా నేరం మోపకండి. దీనికి కంప్రెషన్ మిషన్ ఒక్కటే దారి. బ్యారెల్‌ను నొక్కి ఎంత బలానికి లొంగుతుందో కొలవాలి, 90 డిగ్రీలు తిప్పి మళ్లీ కొలవాలి. ఎండలో పడున్న బ్యాట్ మెత్తబడి తక్కువ చూపిస్తుంది కాబట్టి ముందు నీడలో ఉంచాలి. బహుమతులకు, టీషర్టులకు ధారాళంగా ఖర్చుపెట్టే నిర్వాహకులు ఈ మిషన్ దగ్గరికొచ్చేసరికి చేయి ముడుచుకుంటారు, తర్వాత నింద మాత్రం అంపైర్ మీద వేస్తారు.

రీడింగ్ తక్కువొచ్చినా మోసం రుజువైనట్టు కాదు. వాడకంతో కూడా అది పడిపోతుంది. కాబట్టి బ్యాట్‌ను ఆపండి, ఆటగాణ్ని కాదు. యూఎస్ఏ సాఫ్ట్‌బాల్ నిబంధనల్లో అనుమతి లేని బ్యాట్‌తో బాక్స్‌లోకి (బ్యాటర్ నిలబడే గడిలోకి) వస్తే బ్యాటర్ ఔట్ అంతే. మార్చిన బ్యాట్ అయితే ఔట్‌తో పాటు ఆట నుంచి బహిష్కరణ. ఈ రెండో మాట నోటి నుంచి వచ్చే ముందు మూత దగ్గర కనబడ్డ గుర్తును ఫోటో తీసి, రెండో అంపైర్‌కు చూపించి, బ్యాట్‌ను టోర్నమెంట్ అధికారికి అప్పగించండి. మూత మీరే ఊడదీసి చూడొద్దు. ఊడదీశాక అది ముందే ఊడిందో, మీ చేతిలో ఊడిందో ఎవరూ చెప్పలేరు.