సైనస్‌కి కాంట్రాస్ట్ సీటీ రాశారా? ముందు ఎందుకో అడగండి

రొయ్యలు పడవు, షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను, సైనస్‌కి కాంట్రాస్ట్ సీటీ రాశారు, చేయించుకోవచ్చా అని అడిగారు. నాకు ప్లెయిన్ (మందు లేకుండా), కాంట్రాస్ట్ (నరంలోకి మందు ఎక్కించి) రెండూ తీశారు కాబట్టి తెలిసింది చెబుతాను. నేను డాక్టర్ని కానండి.

అసలు కాంట్రాస్ట్ ఎందుకో మీ ఈఎన్‌టీ డాక్టర్ని అడగండి. ఏళ్ల తరబడి ముక్కు దిబ్బడ, తలనొప్పి లాంటి మామూలు సైనస్ బాధలకు ప్లెయిన్ సీటీ చాలు. ఎముక తెల్లగా, గాలి నల్లగా, మధ్యలో వాచిన పొర బూడిద రంగులో ఏ మందూ లేకుండానే స్పష్టంగా కనిపిస్తాయి. ఎండోస్కోపీ సర్జరీకి ముందు తీసేది కూడా ఎక్కువగా ప్లెయినే. నాకు మొదటిసారి అదే తీశారు. తర్వాతోసారి సైనస్ ఇన్ఫెక్షన్‌తో పాటు కంటి చుట్టూ వాచి, కన్ను తిప్పితే నొప్పి రావడంతో కాంట్రాస్ట్ రాశారు. చీము కంటి గూట్లోకో, మెదడు వైపుకో పాకిందా, గడ్డ ఏమైనా ఉందా, ఫంగస్ లోపలికి చొచ్చుకుపోతోందా అనే అనుమానం ఉంటే కాంట్రాస్ట్ నిజంగా అవసరం. అలాంటప్పుడు భయపడి వాయిదా వేయకండి. కొన్నిసార్లు దీనికి తోడు ఎమ్మారై కూడా అడుగుతారు.

ఇక రొయ్యల సంగతి. కాంట్రాస్ట్ మందులో అయోడిన్ ఉంటుందని చాలామంది దీనికే టెన్షన్ పడతారు. రొయ్యల ఎలర్జీ వాటిలోని ప్రొటీన్ వల్ల వచ్చేది, అయోడిన్ వల్ల కాదు. అది ఉన్నంత మాత్రాన కాంట్రాస్ట్ మానక్కర్లేదు. కానీ ఇదివరకు ఎప్పుడైనా కాంట్రాస్ట్ ఇంజెక్షన్‌కే దద్దుర్లు, ఆయాసం వచ్చి ఉంటే మాత్రం తప్పకుండా చెప్పండి. అవసరమైతే స్టెరాయిడ్ మాత్రలు ముందుగా ఇస్తారు. అవి గంటల ముందు నుంచే మొదలుపెట్టాలి, కాబట్టి స్కాన్ గది గుమ్మం దగ్గర చెబితే ఆలస్యమైపోతుంది. ఆస్తమా, థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం, గర్భం ఉండే అవకాశం, ఇవన్నీ కూడా ఫారంలో అడిగినా అడగకపోయినా చెప్పేయండి.

కాంట్రాస్ట్ మందు కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది. అందుకే షుగర్, బీపీ, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ముందు క్రియాటినిన్ పరీక్ష చేసి, దాన్నుంచి ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే అంకె) లెక్క చూస్తారు. అది 30 కంటే తక్కువ ఉంటే జాగ్రత్త పడాల్సిందే. మెట్‌ఫార్మిన్ కిడ్నీని పాడుచేసే మందేం కాదు. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లలో అది ఒంట్లో పేరుకుంటుందనే భయంతో స్కాన్ తర్వాత 48 గంటలు ఆపి, మళ్లీ పరీక్ష చేసి మొదలుపెట్టమంటారు. ఈజీఎఫ్ఆర్ బాగున్నవాళ్లకు మామూలుగా ఆపక్కర్లేదు, అయినా కొన్ని సెంటర్లు అందరికీ ఆపిస్తాయి. మీ రిపోర్ట్ చూపించి డాక్టర్ని అడగండి, సొంతంగా ఆపేయకండి.

స్కాన్ దగ్గర ముక్కుపుడక, కమ్మలు, హెయిర్ పిన్నులు, కట్టుడు పళ్లు తీసేయమంటారు. చేతికి కాన్యులా పెట్టి మందు ఎక్కించగానే గొంతు దగ్గర మొదలై పొత్తికడుపు దాకా వెచ్చదనం పాకింది, నోట్లో ఇనుము నాకినట్టు రుచి వచ్చింది. ఆ వెచ్చదనానికి మూత్రం పోయిందేమోనని అనిపించింది కూడా. పోలేదు లెండి! ఇది చాలామందికి అయ్యేదే, కాసేపట్లో తగ్గిపోతుంది. మందు ఎక్కేటప్పుడు కాన్యులా దగ్గర మంట, ఉబ్బు వస్తే మాత్రం ఓర్చుకోకుండా అప్పుడే చెప్పాలి, మందు నరం బయటికి కారుతోందేమో. తర్వాత దురద, దద్దుర్లు, గొంతు పట్టేసినట్టు ఉంటే వెంటనే సిబ్బందిని పిలవండి. అందుకే కాసేపు అక్కడే కూర్చోబెడతారు, హడావుడిగా వచ్చేయొద్దు. దద్దుర్లు కొందరికి రెండు మూడు రోజుల తర్వాత కూడా వస్తాయి.

రేడియేషన్ అంటారా, సైనస్ సీటీకి చాలా తక్కువ, మామూలుగా ఒక మిల్లీసీవర్ట్ లోపే. ప్లెయిన్, కాంట్రాస్ట్ రెండూ తీస్తామంటే మాత్రం రెండూ ఎందుకని అడగండి, చాలావరకు ఒక్కటి సరిపోతుంది.

రిపోర్ట్‌తో పాటు ఫొటోల సీడీ కూడా తీసుకోండి, సర్జన్ చూసేది దాన్నే. రిపోర్ట్‌లో ‘మ్యూకోసల్ థికెనింగ్’ (సైనస్ లోపలి పొర మందంగా ఉండటం) అని ఉంటే అది చూసి కంగారుపడొద్దు. ఏ బాధా లేనివాళ్లకూ, జలుబు చేసినవాళ్లకూ అది కనిపిస్తుంది.