కణాల్ని కలిపి అవయవంగా మార్చేది ఎవరు?

మీరడిగింది ఇది: “కణాలు కలిస్తే కణజాలం, కణజాలాలు కలిస్తే అవయవం, అవయవాలు కలిస్తే వ్యవస్థ అని పుస్తకంలో ఉంది. మరి వీటిని కలిపేది ఎవరు? ఏ కణం ఎక్కడుండాలో దానికెలా తెలుస్తుంది? మొక్కల్లోనూ ఇంతేనా?”

నేను చాలా ఏళ్ళు కణాల్ని పెంచే కల్చర్ ల్యాబ్‌లో పనిచేశాను. ఫ్లాస్కుల్లో కణాలు పెంచడం, ఫ్లాస్కు నిండగానే వాటిని విడదీసి కొత్త ఫ్లాస్కుల్లోకి మార్చడం, రోజూ ఇదే పని. అందుకని అక్కడ కళ్ళారా చూసినవాటి నుంచే మొదలుపెడతాను.

ముందు ఆ పుస్తకం వరస సంగతి. అది చదివితే, ఇటుకలు పేర్చి గోడ కట్టినట్టు, కణాలన్నీ విడిగా తయారయ్యాక ఎవరో వచ్చి వాటిని జతచేస్తారేమో అనిపిస్తుంది. ఆ వరస చదువుకోవడానికి వీలుగా పెట్టుకున్నది. శరీరం ఆ వరసలో తయారవదు. మనలో ఉన్న సుమారు 30 లక్షల కోట్ల కణాలూ ఒకే ఒక్క కణం చీలుతూ చీలుతూ పోగా వచ్చినవే. పిండంలో అవి మొదట్నుంచీ ఒకదాన్నొకటి అంటిపెట్టుకునే ఉంటాయి. అలా కలిసి ఉంటూనే తలా ఒక పనిలోకి దిగుతాయి. కాబట్టి కలిపేవాళ్ళ అవసరం పెద్దగా రాదు. మీరు నిజంగా అడగాల్సినవి రెండు: అవి విడిపోకుండా ఎందుకున్నాయి? అన్నీ ఒకేలా ఎందుకు ఉండిపోలేదు?

మొదటిది ల్యాబ్‌లో రోజూ కనిపించేదే. ఫ్లాస్కు అడుగున పరుచుకున్న కణాల్ని విడదీయాలంటే, పైనున్న ద్రవం తీసేసి, శుభ్రంగా కడిగి, ట్రిప్సిన్, ఈడీటీఏ కలిపిన ద్రవం కొంచెం పోస్తాం. ట్రిప్సిన్ అంటే మన పేగుల్లో ప్రొటీన్లను ముక్కలు చేసే ఎంజైమే. ఈడీటీఏ పని కాల్షియాన్ని పట్టేసుకోవడం. పోసి మైక్రోస్కోప్ కింద పెట్టామంటే కాసేపటికి కణాల అంచులు లోపలికి ముడుచుకుంటాయి. పక్కపక్క కణాల మధ్య సన్నటి తెల్ల గీతలు తేలతాయి. తర్వాత ఒక్కొక్కటీ గుండ్రంగా మారి, మెరుస్తూ పైకి లేస్తుంది. ఫ్లాస్కు పక్కన చేత్తో తడితే పొర కాస్తా పలచటి రేకుల్లా జారిపోతుంది.

కాల్షియం తీసేస్తే కణాలెందుకు విడిపోతాయి? కణం పైపొరలో క్యాడ్‌హెరిన్లు అనే ప్రొటీన్లు ఉంటాయి. జపాన్ శాస్త్రవేత్త మసతోషి తకేయిచి వీటిని కనిపెట్టాడు. కాల్షియం ఉంటేనే ఇవి బిగుసుకుని నిలబడి, పక్క కణం మీదున్న క్యాడ్‌హెరిన్లను పట్టుకుంటాయి. వీటిలో రకాలున్నాయి. సాధారణంగా ఒక రకం తన రకాన్నే ఇష్టంగా పట్టుకుంటుంది. పిండం వీపు మీది పొర ముడుచుకుని వెన్నుపాము కాబోయే గొట్టంగా మారేటప్పుడు, ఆ గొట్టం కణాలు తమ పాత క్యాడ్‌హెరిన్‌ను వదిలేసి వేరే రకాన్ని పెట్టుకుంటాయి. అలా చర్మం కాబోయే పొర నుంచి విడిపడతాయి.

సొంత రకాన్ని వెతుక్కునే ఈ గుణాన్ని క్యాడ్‌హెరిన్ పేరు పుట్టకముందే చూశారు. 1907లో హెచ్.వి. విల్సన్ అనే అమెరికన్ స్పాంజి అనే ఒక సముద్రపు జంతువును సన్నటి బట్టలోంచి పిండి విడి కణాలుగా చేసేశాడు. అవి అడుగుకి చేరి, పాకుతూ ఒకచోట గుమిగూడి మళ్ళీ స్పాంజిగా తయారయ్యాయి. 1955లో టౌన్స్, హోల్ట్‌ఫ్రేటర్ అనే శాస్త్రవేత్తలు ఉభయచర పిండాల నుంచి చర్మం కావాల్సిన కణాల్ని, నాడులు కావాల్సిన కణాల్ని విడదీసి కలగాపులగం చేశారు. కాసేపు అంతా ఒకే ముద్ద. తర్వాత చర్మం కణాలు బయటికి, నాడీ కణాలు లోపలికి సర్దుకున్నాయి. పిండంలో ఉన్నప్పుడూ వాటి అమరిక అదే. మీ “ఎవరు కలుపుతారు” అన్న ప్రశ్నకు నాకు తెలిసి ఇంతకన్నా సూటి జవాబు లేదు.

అంటుకున్నంత మాత్రాన కణజాలం అయిపోదు. అంటుకున్నాక, ఒంటరి కణానికి చేతకాని పని ఒకటి చేయగలగాలి. ఇది బాగా కనబడేది ఎండీసీకే కణాల్లో. 1958లో ఒక కుక్క మూత్రపిండం నుంచి తీసి పెంచిన కణాలివి, ఇప్పటికీ ఎన్నో ల్యాబుల్లో పెరుగుతూనే ఉన్నాయి. ఫ్లాస్కులో పలచగా ఉన్నప్పుడు వీటిలో చూడ్డానికి ఏమీ ఉండదు. ఖాళీ లేకుండా నిండాక కథ మారుతుంది. పొర అక్కడక్కడా అడుగు నుంచి ఊడి బుడిపెల్లా ఉబ్బుతుంది. ఫోకస్ తిప్పితే బుడిపె పైభాగం స్పష్టంగా వచ్చి చుట్టూ మసకబారుతుంది, ఇంకాస్త తిప్పితే చుట్టుపక్కల కణాలు తేటపడి బుడిపె మసకబారుతుంది. కొత్తగా చేరినవాళ్ళు కల్చర్ పాడైపోయిందని టెన్షన్ పడేవాళ్ళు.

అవి పాడవలేదు, మూత్రపిండం పని చేస్తున్నాయి! పొర నిండాక కణాలు పక్కవాటితో సందు లేకుండా అతుక్కుంటాయి. దాంతో ప్రతి కణానికీ ఒక పైముఖం, ఒక కిందిముఖం ఏర్పడతాయి. సోడియంను బయటికి తోడే పంపులు పైముఖాన ఉండవు. అవి కిందా, పక్కలా ఉంటాయి. అందుకే ఉప్పు, దాని వెంట నీరు పైనుంచి కిందికి చేరతాయి. ప్లాస్టిక్ అడుగులోంచి దారి లేక ఆ నీరు పొర కింద చేరి దాన్ని ఉబ్బిస్తుంది. శరీరం లేదు, రక్తం లేదు, అయినా పని ఆగలేదు. అదే కణం ఒంటరిగా ఉంటే ఎంత తోడినా లాభం లేదు, తోడిన నీరు పక్కనుంచే వెనక్కి పోతుంది. నన్నడిగితే, “ఒకే రకమైన కణాల సమూహం” అనే నిర్వచనం కంటే కణజాలమంటే ఏంటో ఈ బుడిపె బాగా చెబుతుంది.

ఇక రెండోది, అన్నీ ఒకేలా ఎందుకు ఉండిపోలేదు? జన్యువులు మాత్రం దాదాపు అన్ని కణాల్లోనూ అవే. 1962లో జాన్ గర్డన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఒక తోకకప్ప పేగు కణంలోని కేంద్రకాన్ని, కేంద్రకం పనిచేయకుండా చేసిన కప్ప గుడ్డులో పెట్టి, అలాంటి కొన్ని గుడ్ల నుంచి తోకకప్పల్ని పుట్టించి చూపాడు. పేగు కణమైనంత మాత్రాన మిగతా శరీరం తాలూకు సమాచారం చెరిగిపోలేదన్నమాట. మనకున్న సుమారు 20,000 ప్రొటీన్ జన్యువుల్లో ఏవి పనిచేయాలి, ఏవి ఊరుకోవాలి అన్నదే తేడా. అది చాలావరకు పక్క కణాలు వదిలే రసాయన సంకేతాలను బట్టి, కణం ఉన్న చోటును బట్టి తేలుతుంది. పిండంలో ముందు మూడు పొరలు వస్తాయి. బయటి పొర నుంచి చర్మం పైభాగం, నాడులు, మధ్య పొర నుంచి కండరాలు, ఎముకలు, రక్తం, లోపలి పొర నుంచి పేగు, ఊపిరితిత్తుల లోపలి పూత వస్తాయి. ఇది మీ పుస్తకంలోనూ ఉండే ఉంటుంది.

అవయవం దగ్గర కూడా “కణజాలాలు కలిస్తే” అనే మాట తప్పుదారి పట్టిస్తుంది. మూత్రపిండమే తీసుకోండి. పిండంలో ఒక చిన్న గొట్టం మొగ్గలా పొడుచుకొచ్చి, పక్కనున్న వదులు కణాల ముద్దలోకి వెళ్తుంది. ముద్ద నుంచి వచ్చే సంకేతంతో గొట్టం కొమ్మలు వేస్తుంది. కొమ్మ చివర్ల నుంచి వచ్చే సంకేతంతో ముద్దలోని కణాలు నెఫ్రాన్లుగా, అంటే రక్తాన్ని వడకట్టి మూత్రం తయారుచేసే సన్నటి గొట్టాలుగా మారతాయి. రెండిటినీ విడదీస్తే గొట్టం కొమ్మలు వేయదు, ముద్దలోని కణాలు చనిపోతాయి. ఇలా ఒకదాన్నొకటి పురమాయించుకుంటూ పోయి, చివరికి ఒక్కో మూత్రపిండంలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లు తయారవుతాయి. రెండూ విడివిడిగా తయారై తర్వాత కలవలేదు. కలిసి ఉండబట్టే రెండూ తయారయ్యాయి.

వ్యవస్థ సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఆ గీతలు కొంతవరకు మనం గీసుకున్నవే. మూత్రపిండాన్ని విసర్జక వ్యవస్థలో రాస్తాం. కానీ ఎర్ర రక్తకణాలు తయారుచేయమని ఎముక మజ్జకు చెప్పే ఎరిత్రోపోయిటిన్ హార్మోన్ ఎక్కువగా వచ్చేదీ దాన్నుంచే. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్ళలో రక్తహీనత కనిపించడానికి ఇదో ముఖ్య కారణం. పరీక్షలో మాత్రం విసర్జక వ్యవస్థ అనే రాయండి, మార్కులు పోగొట్టుకోకండి.

మొక్కల్లో ఓ పెద్ద తేడా ఉంది. వాటి కణాలు గట్టి గోడల మధ్య ఉంటాయి. స్పాంజి కణాల్లా పాకి వెళ్ళి తమవాళ్ళను వెతుక్కోలేవు, పుట్టినచోటే ఉండాలి. పైగా వాటికి క్యాడ్‌హెరిన్లు లేవు. గోడలే పెక్టిన్ అనే జిగురులాంటి పదార్థంతో అతుక్కుని ఉంటాయి, గోడల్లోని సన్నటి దారుల గుండా కణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. అయినా చోటును బట్టి పని తేలడం ఇక్కడా ఉంది. అరాబిడాప్సిస్ అనే చిన్న మొక్క వేరు కొసలో లేజర్‌తో ఒక్కో కణాన్ని చంపి చూశారు, ఫలితాలు 1995లో వచ్చాయి. పక్కనున్న వేరే రకం కణం ఆ ఖాళీలోకి చీలి, పాత గుర్తింపు వదిలేసి, పోయిన కణం పని అందుకుంది. ఇంకో తేడా, మన అవయవాల్లో చాలావరకు పుట్టకముందే రూపు దిద్దుకుంటాయి. మొక్కలో కాండం కొసన, వేరు కొసన ఉన్న విభాజ్య కణజాలం పెరుగుదల సాగినంతకాలం కొత్త ఆకులకు, కొత్త వేర్లకు కణాలు అందిస్తూనే ఉంటుంది. వ్యవస్థలంటారా, మొక్కకు ప్రధానంగా రెండే చెబుతారు: వేరు వ్యవస్థ, కాండం, ఆకులు ఉండే ప్రకాండ వ్యవస్థ.