పాఠం కాలేజీది, పట్టా యూనివర్సిటీది

ప్రశ్న: మా అమ్మాయి పుత్తూరు ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో బీఎస్సీ చదువుతోంది. తిరుపతిలో చదివినవాళ్ల డిగ్రీకున్న విలువ దీనికి రాదని చుట్టాలంటున్నారు. పట్టా మీద ఎవరి పేరుంటుంది?
– ఒక తల్లి, పుత్తూరు

జవాబు: శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం పేరుంటుందమ్మా. 1954లో తిరుపతిలో మొదలైన ఆ యూనివర్సిటీకి అనుబంధంగా నడిచే కాలేజీల్లో పాఠం చెప్పేది కాలేజీ, సెమిస్టర్ పరీక్ష పెట్టి పట్టా ఇచ్చేది యూనివర్సిటీ. అటానమస్ కాని, అంటే సొంతంగా పరీక్షలు పెట్టుకోని మరో అనుబంధ కాలేజీలో, తిరుపతిలోనే అయినా సరే, అదే కోర్సు చదివే పిల్లలు రాసేదీ ఇదే ప్రశ్నపత్రం. చుట్టాల మాట వదిలేయండి.

ఏ పనికి ఎవరి గడప తొక్కాలో మాత్రం తెలిసుండాలి. హాజరు, ఇంటర్నల్ మార్కులు, స్టడీ సర్టిఫికెట్, టీసీ కాలేజీ ఆఫీసు పనులు. మార్కుల మెమో, రీవాల్యుయేషన్, ప్రొవిజనల్ (తాత్కాలిక పట్టా), ఓడీ (ఒరిజినల్ డిగ్రీ), మైగ్రేషన్ సర్టిఫికెట్ యూనివర్సిటీ పరీక్షల విభాగానివి. ఇంటర్నల్ మార్కు తప్పు పడిందని తిరుపతి బస్సెక్కితే ఖాళీ చేతులతో తిరిగి రావాల్సిందే. కాలేజీ పంపిన అంకే అక్కడ ఎక్కుతుంది. అందుకే జాబితా పైకి వెళ్లకముందే లెక్చరర్‌ను అడిగి తన మార్కులు చూసుకోమనండి. రీవాల్యుయేషన్ గడువు ఫలితాలు వచ్చిన రోజు నుంచి లెక్క. మెమో చేతికొచ్చాక చూద్దామని ఆగితే ఆ గడువు కాస్తా దాటిపోతుంది. ఆన్‌లైన్‌లో మార్కులు కనబడగానే నిర్ణయం తీసుకోవాలి. ఇక మైగ్రేషన్ వేరే యూనివర్సిటీలో చేరేటప్పుడే కావాలి. పీజీ ఇక్కడే చేస్తే టీసీ చాలు.

ప్రశ్న: రెండు సెమిస్టర్లు పాసయ్యాను. పాసైన సబ్జెక్టుల క్రెడిట్లు జమయ్యే ఏబీసీ (అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్) ఆన్‌లైన్ ఖాతాలో ఒక్క క్రెడిట్ కూడా కనిపించడం లేదు. నేనే ఎక్కించాలా?
– విద్యార్థి, పలమనేరు

జవాబు: మీరు ఎక్కించలేరు, యూనివర్సిటీయే ఎక్కించాలి. మీ చేతిలో ఉన్నది ఖాతా సరిగ్గా తెరవడం. ఎక్కువగా తప్పు జరిగేదీ అక్కడే. మన పేర్లలో ఇంటిపేరు పెద్ద చిక్కు: టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క పొడి అక్షరం. కొందరికి ఇంటిపేరు ముందు, కొందరికి వెనక. యూనివర్సిటీ రికార్డులో పేరు, పుట్టిన తేదీ ఖాతాలోవాటితో కలవకపోతే క్రెడిట్లు జమ కావు.

ముందు టెన్త్ మెమోను ఆధారంగా పెట్టుకుని ఆధార్ సరిచేయించండి. తర్వాత డిజీలాకర్‌లో (పత్రాలు దాచుకునే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక) వివరాలు కొత్తగా తెచ్చుకుని, 12 అంకెల ఏబీసీ ఐడీని కాలేజీ ఆఫీసులో రాతపూర్వకంగా ఇవ్వండి, జిరాక్సు మీద తేదీతో సంతకం తీసుకోండి. ఐడీలో ఒక్క అంకె తప్పు రాసినా క్రెడిట్లు మీకు చేరవు. ఈ పని మూడో ఏడాదికి వాయిదా వేయకండి, అప్పుడు ఆధార్ మార్పు, పరీక్ష ఫీజు, పీజీ దరఖాస్తు అన్నీ ఒకేసారి మీద పడతాయి.

ప్రశ్న: మా కాలేజీ అటానమస్ అయింది. యూనివర్సిటీతో సంబంధం తెగినట్టేనా?
– విద్యార్థి, చిత్తూరు

జవాబు: లేదు. సిలబస్, ప్రశ్నపత్రం, మూల్యాంకనం కాలేజీ చేతికి వస్తాయి. పట్టా మాత్రం యూనివర్సిటీదే, దాని మీద కాలేజీ పేరు కూడా ఉంటుంది. రీవాల్యుయేషన్‌కు మాత్రం ఇకపై మీ కాలేజీ పరీక్షల విభాగానికే వెళ్లాలి.

ప్రశ్న: మూడేళ్లకు ఆపాలా, నాలుగో ఏడాది ఆనర్స్ చేయాలా?
– విద్యార్థిని, శ్రీకాళహస్తి

జవాబు: మీ సబ్జెక్టుకు మీ కాలేజీలో నాలుగో ఏడాది ఉందా అని ముందు ప్రిన్సిపాల్‌ను అడగండి. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) లెక్కలో మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు, నాలుగేళ్లకు 160. పరిశోధనతో కూడిన ఆనర్స్ కావాలంటే మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం రావాలి. పీహెచ్‌డీ మీద గట్టి కోరిక ఉంటే నాలుగో ఏడాది పనికొస్తుంది. బ్యాంకు పరీక్షలు, గ్రూప్స్ రాసేవాళ్లకు మూడేళ్ల పట్టా చాలు. నాలుగేళ్లు చదివితే పీజీ ఏడాదిలో ముగించే వీలును యూజీసీ కల్పించింది, కానీ మీరు చేరాలనుకునే చోట ఆ ఏడాది కోర్సు నడుస్తోందో లేదో కనుక్కున్నాకే అడుగు వేయండి.