‘ఆపండి’ అన్నా ఆపలేదు. మళ్లీ ఆ బల్ల ఎక్కేదెలా?

ప్రశ్న: నా వయసు 47. నెలసరి క్రమం తప్పి మధ్యమధ్యలో రక్తస్రావం అవుతుంటే స్కానింగ్ చేశారు. గర్భాశయం లోపలి పొర మందంగా ఉందని హిస్టరోస్కోపీ (గర్భాశయంలోకి కెమెరా పంపి చూసే పరీక్ష), బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) రాశారు. ‘ఐదు నిమిషాల పని, నెలసరి నొప్పిలా ఉంటుంది’ అన్నారు. మత్తు గానీ, నొప్పి మాత్ర గానీ ఇవ్వలేదు. గుమ్మం దగ్గరే ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. లోపల నన్ను అడగకుండానే ఇద్దరు విద్యార్థులు నిలబడి చూశారు. భరించలేక ‘ఆపండి’ అని రెండుసార్లు అరిచాను. ‘ఇంకొక్క నిమిషం, కదలకండి’ అంటూ డాక్టర్ గారు పని కానిచ్చారు. ‘పిల్లల్ని కన్నవారేనా మీరు?’ అంటూ నర్సు నవ్వింది. విచిత్రమేమిటంటే, బయటికి వస్తూ ఆ డాక్టర్ గారికి నేనే థాంక్స్ చెప్పాను. రెండు నెలలైంది. నిద్రలో ఉలిక్కిపడి లేస్తున్నాను. మావారు చెయ్యి వేస్తే ఒళ్లు కొయ్యబారిపోతోంది. ‘అయిపోయింది కదా, ఇంకా ఎందుకు తవ్వుకుంటావు’ అంటారాయన. మా అక్కయ్యేమో ‘ఇద్దరిని కన్నదానివి, ఇదెంత’ అంటోంది. రిపోర్టులో క్యాన్సర్ లేదనీ, పాలిప్ (లోపలి పొర మీద పెరిగిన చిన్న కండ) ఉందనీ, తీయించుకోవాలనీ వచ్చింది. మళ్లీ ఆ బల్ల ఎక్కడం నా వల్ల కాదు. నాలోనే ఏదైనా లోపం ఉందా?

జవాబు: మీ చివరి ప్రశ్నకే ముందుగా జవాబు చెబుతాను. లోపం మీలో లేదు. మీరు రాసినదాన్ని బట్టి ఆ గదిలో రెండు వేర్వేరు పొరపాట్లు జరిగాయి. తగ్గించడానికి వీలున్న నొప్పిని తగ్గించే ప్రయత్నం చేయకపోవడం ఒకటి, మీ శరీరం విషయంలో మీ మాట చెల్లకపోవడం రెండవది. మీ ఇంట్లోవాళ్లు మొదటిదాని గురించే మాట్లాడుతున్నారు, అందుకే వాళ్ల ఓదార్పు మీకు అందడం లేదు. నొప్పి ఆ రోజుకారోజు తగ్గిపోయింది. రాత్రుళ్లు మిమ్మల్ని లేపి కూర్చోబెడుతున్నది రెండవది.

అలాగని నొప్పిని తేలిగ్గా తీసెయ్యను, అది మీ ఊహ కాదని మీకు తెలియాలి. ఈ పరీక్షలో కొన్ని మిల్లీమీటర్ల మందమున్న కెమెరా గొట్టాన్ని యోని గుండా పంపి, గర్భాశయ ముఖద్వారం దాటించి, లోపలి గోడలు కనిపించేందుకు సెలైన్ ఎక్కించి గర్భాశయాన్ని ఉబ్బిస్తారు. ఆ తరువాత లోపలి పొర నుంచి చిన్న ముక్క తీస్తారు. ముఖద్వారం తెరుచుకునేటప్పటి నొప్పి వేరు, గర్భాశయం సాగేటప్పటి నొప్పి వేరు, ముక్క తీసినప్పటి నొప్పి వేరు. ముఖద్వారం నుంచీ, గర్భాశయం పైభాగం నుంచీ నొప్పిని మోసుకెళ్లే నరాలు వేర్వేరు దారుల్లో వెన్నుపామును చేరతాయి కాబట్టి, ముఖద్వారం చుట్టూ ఇచ్చే మత్తు ఇంజెక్షన్ కూడా పైభాగంలోని నొప్పిని పూర్తిగా అణచలేదు. ఇక ఆ ఇంజెక్షన్ కూడా లేకుండా చేయించుకున్న మీ సంగతి చెప్పేదేముంది! కొందరికి ఈ పరీక్ష నిజంగానే ఓ మోస్తరు నెలసరి నొప్పితో గడిచిపోతుంది, మరికొందరికి భరించరానంతగా ఉంటుంది. ఎవరికి ఎలా ఉంటుందో ముందే కచ్చితంగా చెప్పడం సాధ్యం కాదు. బ్రిటన్‌లోని ప్రసూతి, స్త్రీ వ్యాధుల నిపుణుల రాయల్ కాలేజ్ 2011లోనే ఈ పరీక్షకు మార్గదర్శకాలు ఇచ్చి, సుమారు గంట ముందు నొప్పి మాత్ర వేసుకునే విషయం ఆలోచించమని స్త్రీలకు చెప్పాలనీ, యోనిని పరికరంతో విడదీయకుండా కెమెరాతోనే దారి చూసుకుంటూ వెళ్లే పద్ధతిని వీలైనంతవరకు వాడాలనీ సూచించింది. కాబట్టి ‘అందరూ ఓర్చుకుంటారు, నేనే ఓర్చుకోలేకపోయాను’ అనే మాటను దయచేసి మీ మనసులోంచి తీసేయండి.

మీ అక్కయ్య గారి మాటలో కొంత నిజం లేకపోలేదు. మామూలు కాన్పులు అయినవారికి ఈ పరీక్షలో నొప్పి తక్కువగా ఉండే అవకాశం ఎక్కువే, కానీ అది హామీ మాత్రం కాదు. పైగా పురిటి గదిలో నొప్పులు పడుతున్న మనిషి అరిస్తే చుట్టూ ఉన్నవాళ్లు ఆ అరుపును పట్టించుకుంటారు, కనీసం పట్టించుకోవాలని ఎదురుచూస్తాం. ఇక్కడ మీరు అరిచినప్పుడు వచ్చిన జవాబు నవ్వు. ఆ రెండు అనుభవాలనూ ఒకే తక్కెడలో పెట్టి తూచడం కుదరదు.

‘ఆపండి’ అన్న మాట దగ్గర కాసేపు ఆగుదాం. పరికరం లోపల ఉన్నప్పుడు ఆపమంటే ఆ క్షణమే చేతులు ఎత్తేయడం ఏ డాక్టర్‌కూ సాధ్యం కాదు. జాగ్రత్తగా బయటికి తీయడానికి కొన్ని సెకన్లు పడుతుంది, ఆ కొన్ని సెకన్లను తప్పుపట్టను. అయితే వెనక్కి తీయడానికి పట్టే సమయం వేరు, ముక్క తీసేదాకా పని కానివ్వడం వేరు. మీకు జరిగింది రెండవది. గుమ్మం దగ్గర మీరు పెట్టిన సంతకం దాన్ని సమర్థించదు, ఎందుకంటే పరీక్షకు ఇచ్చిన సమ్మతిని ఏ క్షణంలోనైనా వెనక్కి తీసుకునే హక్కు రోగికి ఉంటుందన్నది వైద్య నీతిలో స్థిరపడిన సూత్రం. విద్యార్థులు చూడటానికైతే మిమ్మల్ని విడిగా అడిగి ఉండవలసింది. మీరు ‘వద్దు’ అన్నా మీ వైద్యంలో ఏ తేడా రాదని కూడా చెప్పి ఉండవలసింది.

మరి కాలు విదిలించి లేచి ఎందుకు రాలేదని మిమ్మల్ని మీరు నిలదీసుకుంటున్నారేమోనని నా అనుమానం, ఇలాంటి ఉత్తరాల్లో ఆ ప్రశ్న దాదాపు తప్పకుండా ఉంటుంది. గర్భాశయంలో పరికరం ఉండగా ఒక్కసారిగా కదిలితే గోడకు గుచ్చుకునే ప్రమాదం నిజంగానే ఉంది. మీరు కదలకుండా పడుకుని మిమ్మల్ని మీరు కాపాడుకున్నారు. అదీగాక, తప్పించుకునే దారి లేదని తోచినప్పుడు శరీరం తనంతట తానే బిగుసుకుపోతుంది. ఆ బిగుసుకుపోవడం అంగీకారం కాదు, పిరికితనం అంతకంటే కాదు. వెళ్తూ వెళ్తూ మీరు చెప్పిన థాంక్స్ కూడా ఆ కోవకు చెందినదే. తెల్లకోటు ముందు చిన్నప్పటి నుంచీ అలవాటైన మర్యాద కొంత, ఇక్కడి నుంచి గొడవ లేకుండా బయటపడితే చాలన్న తొందర కొంత కలిసి నోట వచ్చిన మాట అది. దాన్ని ఆ డాక్టర్ గారికి మీరిచ్చిన యోగ్యతాపత్రం అనుకోవద్దు.

‘ఐదు నిమిషాలే కదా’ అనేవారికి ఒక సంగతి చెప్పవచ్చు. 1996లో డొనాల్డ్ రెడెల్మయర్, డేనియల్ కానెమన్ అనే ఇద్దరు పరిశోధకులు పెద్దపేగు పరీక్ష చేయించుకున్నవారిని అడిగి చూస్తే, నొప్పి ఎంతసేపు ఉందన్నదాని కంటే, అత్యంత తీవ్రమైన క్షణం ఎలా ఉంది, చివరి క్షణాలు ఎలా గడిచాయి అన్న రెండింటి మీదే వారి జ్ఞాపకం ఎక్కువగా ఆధారపడి ఉందని తేలింది. మీ విషయంలో అతి తీవ్రమైన క్షణం మీ మాట వినని క్షణం, ఆఖరి క్షణాల్లో మిగిలింది ఎగతాళి. ఆ ఐదు నిమిషాలు రెండు నెలలుగా సాగుతున్నాయంటే ఆశ్చర్యపోవలసింది లేదు.

నిద్రలో ఉలికిపాటు, ఆ గదిని గుర్తుచేసేవాటి నుంచి తప్పించుకోవడం, స్పర్శకే ఒళ్లు బిగుసుకోవడం నెల దాటినా తగ్గలేదు కాబట్టి, వాటిని మానసిక ఆఘాతం తాలూకు లక్షణాలుగా పరిగణించి, సైకియాట్రిస్టు గానీ క్లినికల్ సైకాలజిస్టు గానీ ఒకసారి పరీక్షించడం అవసరం. ఇది నేను ఉత్తరం చదివి తేల్చగలిగింది కాదు. ఆఘాతం మీదే దృష్టి పెట్టే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (ఆలోచనల తీరునూ, ప్రవర్తననూ మార్చుకునేందుకు మాటల ద్వారా చేసే చికిత్స), కళ్ల కదలికల సాయంతో ఆ జ్ఞాపకం తీవ్రతను తగ్గించే ఈఎండీఆర్ అనే చికిత్స, ఈ రెండూ ఇలాంటి స్థితిలో పనిచేస్తాయని గట్టి ఆధారాలున్నాయి. మొదటి రోజే జరిగినదంతా పూసగుచ్చినట్టు చెప్పమని ఎవరైనా ఒత్తిడి చేస్తే మాత్రం మొహమాటపడకుండా కాదనండి. ఎంత చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో మీ చేతుల్లో ఉండటం కూడా ఆ చికిత్సలో భాగమే. ఈ లోపు అర్ధరాత్రి మెలకువ వచ్చినప్పుడు లైటు వేసుకుని, పాదాలు నేలకు ఆనించి, ఊపిరి తీసుకునేదానికంటే విడిచేది కాస్త నెమ్మదిగా ఉండేలా కొద్దిసేపు కూర్చోండి. ఎప్పుడైనా బతుకు మీదే విరక్తి పుడితే అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా ఆ క్షణమే ఇంట్లోవాళ్లకు చెప్పి వైద్యసహాయం తీసుకోండి.

మీవారి విషయానికి వస్తే, ఆయన మాటలో నాకు కాఠిన్యం కంటే అయోమయమే ఎక్కువ కనిపిస్తోంది. మీరు దూరం జరగడాన్ని తన మీద విముఖతగా అనుకుంటున్నారో ఏమో. ‘మీరంటే ఇష్టం లేక కాదు, చెయ్యి తగలగానే నా శరీరం ఆ బల్ల మీదికి వెళ్లిపోతోంది, కొన్నాళ్లు నేను దగ్గరికి వచ్చినప్పుడే రండి’ అని పగటిపూట, పడకగదిలో కాకుండా, స్థిమితంగా చెప్పండి. నోరు పెగలకపోతే ఈ ఉత్తరాన్నే చదవమని ఇవ్వండి. కొన్నాళ్లపాటు మీ మధ్య స్పర్శ ఏదీ కలయికకు దారి తీయదని ఇద్దరూ ముందే అనుకుంటే, చెయ్యి పట్టుకోవడం మళ్లీ చెయ్యి పట్టుకోవడంగానే మిగులుతుంది. బాధాకరమైన పరీక్ష తరువాత కటి కండరాలు వాటంతటవే బిగుసుకోవడం, దాంతో కలయిక నొప్పిగా మారడం కొందరిలో జరుగుతుంది. అలా ఉంటే ఓర్చుకుని నెట్టుకురావద్దు, ఆ కండరాలకు సంబంధించిన ఫిజియోథెరపీ ఉంది.

ఇప్పుడు అసలు భయం, ఆ పాలిప్. గర్భాశయ పాలిప్‌లలో ఎక్కువ భాగం హానిలేనివే, మీ బయాప్సీలో క్యాన్సర్ లేదని కూడా వచ్చింది. అయినా రక్తస్రావానికి అదే కారణమైతే తీయడం మంచిది, తీసిన పాలిప్‌ను పరీక్షించడం కూడా అవసరమే. దీన్ని పూర్తి మత్తులో చేయవచ్చు, సాధారణంగా ఆ రోజే ఇంటికి పంపిస్తారు. పాత డాక్టర్ దగ్గరికే వెళ్లాలన్న నియమం ఏమీ లేదు. కొత్త డాక్టర్‌ను కలిసేటప్పుడు, ఆ మొదటిరోజు లోపలి పరీక్ష ఏదీ వద్దనీ, మాట్లాడటానికే వచ్చాననీ అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే చెప్పండి. ‘పోయినసారి మత్తు లేకుండా చేశారు, ఆపమన్నా ఆపలేదు, అప్పటి నుంచి నిద్ర లేదు’ అన్న ఒక్క వాక్యం చాలు. మంచి డాక్టర్ ఆ వాక్యం విన్నాక కలం పక్కన పెట్టి మీ వంక చూస్తారు. చూడకపోతే ఆమె దగ్గర చేయించుకోవద్దు.

మత్తు ఎలాంటిది ఇస్తారో, అది ఎవరిస్తారో, గదిలో ఎవరెవరు ఉంటారో, పాలిప్ తీయడం తప్ప ఇంకేమైనా చేసే అవసరం రావచ్చునో, వస్తే ఏంచేస్తారో ముందుగానే అడిగి తెలుసుకోండి. పూర్తి మత్తులో మీరు ‘ఆపండి’ అనలేరు కనుక ఈ ప్రశ్నలకు బరువెక్కువ. మత్తులో ఉన్న స్త్రీని ఆమె అనుమతి లేకుండా విద్యార్థులు పరీక్షించిన ఉదంతాలు కొన్ని దేశాల్లో బయటపడి పెద్ద వివాదమయ్యాయి. అందువల్ల ‘విద్యార్థులు చూడటానికి గానీ, పరీక్షించడానికి గానీ నా సమ్మతి లేదు’ అని సమ్మతి పత్రం మీదే మీ చేత్తో రాసి సంతకం పెట్టవచ్చు. ఆ పత్రాన్ని కూడా ముందురోజే ఇంటికి తెచ్చుకుని చదువుకుంటానని అడగండి. ఒకవేళ మెలకువగా ఉండగానే చేయించుకోవాలని మీరే ఎంచుకుంటే, చెయ్యి ఎత్తితే ఆపాలని డాక్టర్‌తో ముందే మాట తీసుకోండి. పరికరం లోపలికి వెళ్లకముందే ఒకసారి చెయ్యి ఎత్తి, వాళ్లు నిజంగా ఆగుతారో లేదో చూడండి. ఇది అతి అనిపించవచ్చు, కానీ మీ శరీరానికి మళ్లీ నమ్మకం కలగడానికి ఇంతకంటే సూటి దారి నాకు తెలియదు. మీ అక్కయ్యగారినో, మీవారినో వెంట తీసుకెళ్లి, మెలకువ వచ్చేసరికి పక్కన ఉండేలా ఏర్పాటు చేసుకోండి.

పాత ఆసుపత్రి మీద ఫిర్యాదు చేయాలా అని మీరు అడగలేదు. చేసినా, చేయకపోయినా, గుర్తున్నంతవరకు తేదీ, సమయం, ఎవరు ఏమన్నారు అన్నది ఇప్పుడే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, సమ్మతి పత్రం, పరీక్ష నోట్సుల నకళ్లు కూడా అడిగి తీసుకోండి. ఆ నోట్సులో ‘రోగి పరీక్షను బాగా తట్టుకున్నారు’ అని ఉన్నా ఉండవచ్చు. అలాంటి ముక్తసరి వాక్యాలు ఫైళ్లలో అలవాటుగా పడిపోతుంటాయి, కాబట్టి ఒంటరిగా ఉన్నప్పుడు ఆ కవరు తెరవద్దు. ఫిర్యాదు రాస్తే ఒక పేజీ మించకుండా, జరిగిన క్రమంలో, మీకు ఏం కావాలో చివర స్పష్టంగా రాసి, జవాబు రాతపూర్వకంగా అడగండి. క్షమాపణ వస్తుందో రాదో చెప్పలేను, మీరు కోలుకోవడాన్ని దానికి ముడిపెట్టవద్దు.

ఫిర్యాదును ఆరు నెలలు ఆగి రాసినా నష్టం ఉండకపోవచ్చు, అయితే గడువు ఏమైనా ఉందేమో మాత్రం ముందే కనుక్కోండి. పాలిప్‌ను మాత్రం మీ భయం తగ్గేదాకా అని వదిలేయకుండా, ఎంతకాలం ఆగవచ్చో కొత్త డాక్టర్‌నే అడిగి, ఆ వ్యవధిని మానసిక చికిత్సకు వాడుకోండి. ఈలోగా గంటకొక ప్యాడ్ తడిసిపోయేంత రక్తస్రావం రెండు గంటలపాటు సాగినా, కళ్లు తిరిగి పడిపోతున్నట్టు అనిపించినా, ఎదురుచూడకుండా వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లండి.