మంచి కోసం చట్టం మీరినా శిక్ష పడాల్సిందేనా?

పదిమందిని కాపాడటానికి చట్టం మీరినోడికి శిక్ష కూడా ఎందుకు పడాలి అని కొందరు అడుగుతుంటారు. పడాల్సిందే అంటాను నేను. మా పెదనాన్నని చూశాను కాబట్టి చెప్తున్నా.

మాది కృష్ణా డెల్టా చివర ఊరు. ఓ అక్టోబర్ వాయుగుండానికి పొలాల మురుగునీళ్లు పోయే డ్రైన్ నిండిపోయింది. నిండదా మరి, ఏళ్ల తరబడి పూడిక తియ్యరు, గుర్రపుడెక్క మీద కొంగలు దర్జాగా నడుచుకుంటూ పోతాయి, బిల్లులు మాత్రం టైముకి పాసవుతాయి. ఎడమ కట్ట కింద కాలనీ, కుడిపక్క పొట్టకొచ్చిన వరి. ఎడమ కట్ట అప్పటికే ఊట పెడుతోంది, ఇసుక బస్తాలు వేస్తే వేసినట్టే జారిపోతున్నాయి. అటు రైతులేమో ఎవడైనా తమవైపు గండి కొడతాడని కర్రలతో కాపలా, వాళ్లనీ తప్పు పట్టలేం. అర్ధరాత్రి వాన ముదిరి వాళ్లు గుడి అరుగెక్కాక పెదనాన్న పలుగు పట్టుకెళ్లి కుడి కట్టకి గండి కొట్టేశాడు. మూరెడు తవ్వాడంతే, మిగతాది నీళ్లే కోసుకుపోయాయి. కాలనీ బతికింది, అవతల చేలన్నీ మునిగాయి, అందులో మా అక్క మావగారి పొలమూ ఉంది.

తెల్లారి స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని స్టేషన్‌కెళ్లాడు. "గుర్తు తెలియని వ్యక్తులని రాసేస్తాం, ఇంటికెళ్లండి" అన్నాడు రైటరు. "గుర్తు తెలిసినోణ్ణే కదయ్యా, రాసుకో" అన్నాడు ఈయన!

అప్పటి ఐపీసీ (భారత శిక్షాస్మృతి) సెక్షన్ 432, ముంపు తెచ్చి నష్టం చేస్తే ఐదేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. లాయరేమో సెక్షన్ 81 పట్టుకుందాం అన్నాడు, మంట పాకకుండా పక్కిళ్లు కూల్చినోడిని వదిలెయ్యొచ్చని అందులో ఉదాహరణే ఉంది (ఇప్పుడు ఐపీసీ బదులు వచ్చిన బీఎన్ఎస్, అంటే భారతీయ న్యాయ సంహితలో, సెక్షన్ 19). పెదనాన్న ఒప్పుకోలేదు. "పంట పోయినోళ్ల మొహం మీద నేను నేరమే చెయ్యలేదని ఎలా చెప్పను" అని జరిమానా కట్టి, ఆ ఏడు తన ధాన్యం వాళ్లకి తోలించాడు.

గాంధీ అనగానే అందరూ ఉప్పు అంటారు, నాకైతే 1922లో ఆయన మీద రాజద్రోహం కేసు నడిచిన అహ్మదాబాద్ కోర్టే గొప్ప. పెద్ద శిక్షే వెయ్యమని తనే అడిగాడు, జడ్జి బ్రూమ్‌ఫీల్డ్ ఆరేళ్లు వేశాడు. ఇప్పుడు బస్సుల అద్దాలు పగలగొట్టి, ప్రజల కోసమే అని, గవర్నమెంట్ మారగానే కేసులు ఎత్తేయించుకునే బ్యాచ్‌ని ఆ లెక్కలో కలపొద్దు ప్లీజ్.

అక్క మావగారు మాత్రం ఈనాటికీ మా ఇంట్లో మంచినీళ్లు తాగుతాడు గానీ అన్నం ముట్టడు. ధాన్యం తీసుకున్నాడు కదా, ఇంకేంటి అంటుంది మా అమ్మ. నేనైతే ఆయన్నీ ఏమీ అనలేను.